ఏ తలుపు తట్టాలి? పబ్లిక్ టాయిలెట్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పబ్లిక్ టాయిలెట్ల దగ్గర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పడుతున్న ఇబ్బందుల మీద ప్రశ్నలు పంపమని కిందటి నెల అడిగాం. ఒకే రకం ఉత్తరాలను కలిపి, ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. చట్టం, భవన నిర్మాణం, వైద్యం తెలిసినవాళ్లు కలిసి రాసిన జవాబులివి. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయలేదు. పుట్టినప్పుడు మగగా రాసుకున్నా తాను ఆడమనిషినని చెప్పేవారిని ట్రాన్స్ మహిళ అని, ఆడగా రాసుకున్నా తాను మగవాణ్నని చెప్పేవారిని ట్రాన్స్ పురుషుడు అని అంటున్నాం.

నేను ట్రాన్స్ మహిళను. వారానికి నాలుగు రోజులు బస్సులో జిల్లా కేంద్రానికి పోయి వస్తాను. బస్సులో జీరో టికెట్ ఇస్తున్నారు, ఆడవాళ్ల పక్కనే కూర్చుంటున్నాను. బస్టాండులో దిగి లేడీస్ టాయిలెట్ వైపు పోతే మాత్రం పైసలు తీసుకునే మనిషి ‘జెంట్స్‌లోకి పో’ అంటడు. అటు పోతే అక్కడున్నోళ్ల మాటలు పడాలె. నేను ఎటు పోవాలె?
*– వరంగల్ జిల్లా పాఠకురాలు*

లేడీస్ వైపే వెళ్లండమ్మా. అందుకు ఎవరి దయా అక్కర్లేదు. తాను ఆడో, మగో, మూడో జెండరో చెప్పుకోవాల్సింది ఆ మనిషేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో తేల్చింది. ఆపరేషన్ చేయించుకుంటేనే ఒప్పుకుంటామనడం చట్టవిరుద్ధమని కూడా అందులోనే చెప్పింది. 2017 ఏప్రిల్‌లో స్వచ్ఛ భారత్ గ్రామీణ్ కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి. పబ్లిక్ టాయిలెట్లలో ఆడవాళ్ల వైపు వెళ్లాలో మగవాళ్ల వైపు వెళ్లాలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఇష్టమేనని వాటిలో ఉంది. ప్రజలందరికీ ఉన్న సదుపాయాన్ని ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో కాదనకూడదని ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019లో చేసిన చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. నలుగురూ వెళ్లే చోటికి వెళ్లకుండా అడ్డుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని 18వ సెక్షన్‌లో రాశారు. టాయిలెట్ గుమ్మం దగ్గర ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు చూపించాలన్న నిబంధన ఎక్కడా లేదు.

ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ ఇచ్చారు. బస్సులో లెక్కలోకి వచ్చిన మనిషి బస్సు దిగగానే లెక్కలోంచి ఎలా పోతారు? ఈ ప్రశ్న మీ ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

ఇక గుమ్మం దగ్గర ఏం చేయాలో చూద్దాం. ఆపినప్పుడు ‘నేను మహిళను, లేడీస్‌లోకే వెళ్తాను, ఇదిగో డబ్బులు’ అని ఒక్కసారి గట్టిగా చెప్పి నడవండి. మీ ఒంటి గురించి, ఆపరేషన్ గురించి ఏం అడిగినా జవాబు చెప్పొద్దు. అది మొదలైతే చుట్టూ జనం మూగుతారు. మూగారంటే అప్పటికి పక్కకు తప్పుకోండి, ముందు మీ క్షేమం చూసుకోండి. ఆ వెంటనే టైమూ, ఏ ప్లాట్‌ఫారం పక్కనున్న టాయిలెట్టో, ఆపిన మనిషి ఛాతీ మీద బ్యాడ్జి ఉంటే దాని మీది పేరూ ఫోన్లో రాసుకోండి. బస్సు టికెట్ పారేయకండి. మీరు ఆ రోజు అక్కడున్నారనడానికి తేదీ, టైము దాని మీదే ఉంటాయి.

ఫిర్యాదు నోటితో చెబితే గాలికి పోతుంది. తెల్లకాగితం మీద రెండు కాపీలు రాసి స్టేషన్ మేనేజర్‌కు ఒకటి ఇవ్వండి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. ప్రతి సంస్థలోనూ ఇలాంటి ఫిర్యాదులు చూడడానికి ఒక అధికారి ఉండాలని 2019 చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి 15 రోజుల్లో విచారించాలి, నివేదిక అందాక మరో 15 రోజుల్లో సంస్థ అధిపతి చర్య తీసుకోవాలి అని ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల్లో ఉంది. ‘మా దగ్గర అలాంటి అధికారి లేరు’ అంటే ఆ మాటనూ కాగితం మీద పెట్టించండి, కలెక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది మీకే పనికొస్తుంది. ఉచిత న్యాయ సలహాకు 15100, చేయి చేసుకుంటే 112. తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం కింద ప్రైడ్ ప్లేస్ పేరుతో ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగం కూడా ఉంది.

పోలీసుల దగ్గరికి వెళ్లడానికే భయమని చాలామంది రాశారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. హిజ్రాలు ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకెళ్లే వీలిచ్చే నిజాం కాలపు చట్టం, 1329 ఫసలీ (1919) నాటిది, మొన్న మొన్నటి దాకా పుస్తకాల్లో ఉంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో కొట్టేసింది. ఇప్పుడు కేసు పెట్టే హక్కు మీ వైపుంది.

పొద్దున తొమ్మిదింటికి ఇల్లు వదిలితే రాత్రి ఏడింటిదాకా ఆపుకుంటాను. అందుకే నీళ్లు తాగడం మానేశాను. ఈ మధ్య మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం. హార్మోన్ మాత్రలు కూడా వాడుతున్నాను.
*– విశాఖపట్నం*

నీళ్లు మానేయడమే మొదటి పొరపాటు. మూత్రం చిక్కబడితే సంచి లోపలి పొరను రేపుతుంది, తక్కువ నిండినా వెళ్లాలనిపిస్తుంది. గంటల తరబడి నిల్వ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. మీరొక్కరే కాదు. అమెరికాలో 27 వేల మందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను 2015లో అడిగితే, గొడవ ఎందుకని ఆ ఏడాది పబ్లిక్ టాయిలెట్‌కు వెళ్లడం మానుకున్నామని 59 శాతం మంది చెప్పారు. 32 శాతం మంది తిండి, నీళ్లు తగ్గించుకున్నారు. 8 శాతం మందికి మూత్రనాళ ఇన్‌ఫెక్షనో కిడ్నీ సమస్యో వచ్చింది.

మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోవద్దు. ముందు మూత్ర పరీక్ష, కల్చర్ చేయించండి. మందు మొదలుపెట్టాక ఇచ్చిన శాంపిల్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

మీ హార్మోన్ మాత్రల్లో స్పైరనోలాక్టోన్ ఉందేమో చూడండి. అది మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా. ప్రయాణం ఉన్న రోజు దాన్ని ఏ వేళకు మార్చుకోవచ్చో రాసిచ్చిన డాక్టర్నే అడగండి, మీ అంతట మీరు మానకండి. నిర్వాణం (హిజ్రాలు పురుషాంగం, వృషణాలు తీయించుకోవడం) లేదా మరో ఆపరేషన్ అయి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆపరేషన్ తర్వాత మూత్రద్వారం ఇరుకవడం మామూలుగా వచ్చే ఇబ్బందే. ధార సన్నబడడం, చీలి పడడం, ముక్కితే గాని రాకపోవడం దాని గుర్తులు. అది యూరాలజిస్టు చూడాల్సిన సంగతి, మందులతో పోదు.

డాక్టరు చేతికి వెళ్లేలోపు చేయగలిగింది ఇది. బయల్దేరడానికి గంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి, ఇల్లు వదిలే ముందు వెళ్లి రండి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. రెండోసారి కూడా కొంత వస్తుంది. టీ, కాఫీ పని దగ్గరికి చేరాక తాగండి. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లగలిగే చోట్లు మీ దారిలో గుర్తుపెట్టుకోండి. పెద్దాస్పత్రుల ఓపీ బ్లాకు, మాల్స్, పెట్రోలు బంకులు సాధారణంగా ఒంటి గదులతో ఉంటాయి. రైలు అన్నిటికంటే నయం. పెట్టె రెండు చివర్లా ఉన్న టాయిలెట్లకు ఆడ, మగ బోర్డులు ఉండవు, అందరూ అవే వాడతారు.

మా పట్టణంలో మార్కెట్ పక్కన కొత్త పబ్లిక్ టాయిలెట్ కట్టబోతున్నాం. లేడీస్, జెంట్స్ కాక ట్రాన్స్‌జెండర్లకు ఒక గది వేరే పెట్టమని కౌన్సిల్‌లో అన్నారు. డ్రాయింగు ఎలా ఉండాలి?
*– మున్సిపల్ ఇంజినీరు, గుంటూరు జిల్లా*

కౌన్సిల్ ఉద్దేశం మంచిదే. నల్సా తీర్పు కూడా ప్రత్యేక టాయిలెట్లు కట్టించమనే చెప్పింది. సంస్థల్లో వాష్‌రూమ్‌లు రెండేళ్లలో ఏర్పాటు చేయాలని 2020 సెప్టెంబర్ నాటి నిబంధనలు చెప్పాయి, ఆ గడువు 2022 సెప్టెంబర్‌తోనే దాటింది. హిజ్రా సముదాయంలో చాలామంది మాకు వేరే గది కావాలనే అడుగుతారు. కాబట్టి వద్దనడం లేదు. కాని ఆ ఒక్క గదినే నమ్ముకుంటే ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. మొదటి నెల దాటాక దానికి తాళం పడుతుంది, తాళంచెవి కేర్‌టేకర్ దగ్గర ఉంటుంది, మెల్లగా చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు లోపలికి చేరతాయి. గది బాగానే ఉన్నా, ఆ బోర్డు కిందికి నడిచిన ప్రతి మనిషీ ‘నేను ట్రాన్స్‌జెండర్‌ని’ అని మార్కెట్‌కంతా చాటినట్టే. బయటికి తెలియకూడదనుకునే ట్రాన్స్ పురుషుడు చచ్చినా అందులోకి వెళ్లడు. బేసిన్ పూడుకుపోయిన రోజు ఇంకో దారి కూడా ఉండదు.

మా సలహా: లేడీస్ విభాగం ఉంచండి, జెంట్స్ విభాగం ఉంచండి, ఈ రెండిటి మధ్యన రోడ్డు వైపు తెరుచుకునే ఒంటి గదులు కనీసం రెండు కట్టండి. వాటి మీద ‘టాయిలెట్ – అందరికీ’ అని రాస్తే చాలు. ముసలి తండ్రిని తీసుకొచ్చిన కూతురు, చిన్నపిల్లతో వచ్చిన నాన్న, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, అందరూ అవే వాడతారు. అందరూ వాడే గదిని స్టోర్‌రూమ్ చేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఇక గది లోపలి సంగతి. గోడ స్లాబుదాకా ఇటుకతో లేపండి. సగం గోడ, పైన ఖాళీ పెడితే పక్క గదిలోని బేసిన్ మీద ఎక్కి ఫోన్ పెట్టడానికి చోటిచ్చినట్టే. గాలికి ఏడడుగుల పైన వెంటిలేటర్, మసక అద్దంతో. తలుపు కింద సందు అరంగుళానికి మించకూడదు. కింద సందు పెద్దగా వదిలేది కడిగిన నీళ్లు బయటికి పోవడానికే, కాబట్టి ప్రతి గదిలో విడిగా నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) పెట్టి అడుక్కి పావు అంగుళం వాటం ఇవ్వండి, ఆ అవసరమే ఉండదు.

అన్నిటికంటే ముందు చెడేది గడియ. పీవీసీ తలుపుకు చిన్న స్క్రూలతో బిగించిన గడియ ఆరు నెలల్లో ఊడి వేలాడుతుంది, ఎందుకంటే పీవీసీ లోపల బోలు, స్క్రూకు పట్టు ఉండదు. తలుపు వెనకాల ప్లేటు వేసి, ఇవతలి నుంచి అవతలికి బోల్టులు దించి నట్లు బిగించండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వాడండి, అక్కడ తడి ఎప్పుడూ ఆరదు. లోపల వేస్తే బయట ఎర్రగా కనిపించే రకం గడియ దొరుకుతుంది. దానితో తలుపు తట్టే పని తప్పుతుంది, లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడితే బయటినుంచి నాణెంతో తిప్పి తెరవొచ్చు. అతి ముఖ్యమైనది ఇంకొకటి: వాడే గదుల తలుపులకు బయటివైపు ఆల్‌డ్రాప్ పెట్టకండి. ట్రాన్స్ మహిళ లోపలికి వెళ్లగానే బయట గడియ పెట్టి నవ్వే ఆకతాయిలు ఉంటారు. రాత్రి మూసేయడానికి మెయిన్ గేటు తాళం సరిపోతుంది. అదే కారణంతో లైటు స్విచ్చి కూడా బయట ఉండకూడదు.

గది లోపలే చిన్న వాష్‌బేసిన్, అద్దం, మగ్గుతో బక్కెట్ లేదా హెల్త్ ఫాసెట్, మూత ఉన్న చెత్తబుట్ట, అయిదడుగుల ఎత్తులో రెండు కొక్కాలు. చేతులు కడుక్కోవడానికి, చీర సర్దుకోవడానికి బయటికి రానక్కర్లేకపోతే సగం గొడవలు అసలు పుట్టవు. చూపులు, మాటలు ఎక్కువగా తగిలేది కామన్ వాష్‌బేసిన్ల దగ్గరే.

వికలాంగుల గది వేరుగా ఉంచండి, 900 మిల్లీమీటర్ల తలుపు, బయటికి తెరుచుకునేలా, చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల జాగాతో. ఖర్చు కలిసొస్తుందని దానికే ట్రాన్స్‌జెండర్ బోర్డు తగిలించడం చాలా ఊళ్లలో జరుగుతోంది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషికి ఉన్నది ఆ ఒక్క గదే. ఇద్దరు బలహీనులను ఒకే తలుపు దగ్గర నిలబెట్టి పోటీ పెట్టకండి. మార్కెట్లో రోజూ తిరిగే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు నలుగురిని పిలిచి డ్రాయింగు చూపించండి. గుమ్మం ఎటు ఉండాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వెనక సందులోకి గుమ్మం పెట్టారంటే పొద్దుగూకాక ఎవరూ రారు.

నాకు పద్నాలుగేళ్ల కూతురు ఉంది. ట్రాన్స్‌జెండర్ అని చెప్పి మగవాళ్లు లేడీస్‌లోకి వస్తే ఎలా? ఈ మాట అడిగితే నన్ను చెడ్డదాన్ని అంటారేమో.
*– కర్నూలు*

ఎవరూ అనరు. ఆడపిల్ల తల్లికి ఆ భయం ఉంటుంది. దేన్ని చూసి భయపడాలో మాత్రం సరిగ్గా పట్టుకుందాం. తప్పు చేయాలని వచ్చేవాడికి వేషం అక్కర్లేదు. ఊడిన గడియ, చీకటి వరండా, కేర్‌టేకర్ లేని టాయిలెట్ చాలు. తొంగి చూడడం, వీడియో తీయడం, చేయి వేయడం ఎవరు చేసినా నేరమే, ట్రాన్స్‌జెండర్ అయినంత మాత్రాన మాఫీ లేదు. అనుమతి లేకుండా ఒంటి భాగాలను ఫొటో తీస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ సెక్షన్ ఆడ, మగ, ట్రాన్స్‌జెండర్ అందరినీ ఒకేలా కాపాడుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ట్రాన్స్‌జెండర్లు తమ జెండర్‌కు తగిన టాయిలెట్ వాడుకునే చట్టాలున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోల్చి 2018లో ఒక అధ్యయనం వేశారు. ఆ చట్టాలవల్ల టాయిలెట్లలో నేరాలు పెరిగినట్టు అందులో కనిపించలేదు.

ఇంకో సంగతి ఆలోచించండి. గుమ్మం దగ్గర ‘నువ్వు ఆడదానివేనా’ అని చూసి పంపడం మొదలైతే ముందు ఆగేది ఎవరు? జుట్టు కత్తిరించుకున్న మీ అమ్మాయి, గొంతు బొంగురుగా ఉన్న మీ అత్తగారు. మీ పాపకు నేర్పాల్సింది వేరే: గడియ వేసి ఒకసారి లాగి చూడడం, వెంటిలేటర్ వైపు తలెత్తి చూడడం, తేడా అనిపిస్తే కేకేసి బయటికి వచ్చేయడం.

నేను ట్రాన్స్ పురుషుణ్ని, హైదరాబాద్‌లో చదువుతున్నాను. జెంట్స్‌కే వెళ్తాను. పీరియడ్స్ ఇంకా పూర్తిగా ఆగలేదు. అక్కడ చెత్తబుట్ట ఉండదు.

టెస్టోస్టిరాన్ మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు చాలామందికి ఆగిపోతాయి, డోసు తప్పితే మళ్లీ రావొచ్చు. ఆరేడు నెలలు దాటినా వస్తుంటే డాక్టరుకు చెప్పండి. బ్యాగులో మందంగా ఉన్న నల్ల జిప్ కవర్లు నాలుగు పెట్టుకోండి, వాడిన ప్యాడ్ అందులో వేసి జిప్ నొక్కితే వాసన రాదు. దాన్ని బయట బుట్టలో వేయండి, బేసిన్‌లో వేస్తే ఆ లైను పూడుకుపోతుంది. ప్యాడ్ కవర్ చించే చప్పుడు పక్క గదికి వినిపిస్తుందని దిగులుపడేవాళ్లు ఇంటి దగ్గరే కవర్ తీసి, శుభ్రమైన గుడ్డ సంచిలో పెట్టుకెళ్లొచ్చు. పీరియడ్ ప్యాంటీ అయితే ఒక పూట గడిచిపోతుంది. గడియ ఊడిన గది ఎదురైతే తలుపు కింద దూర్చే రబ్బరు ఆపు ఉపయోగపడుతుంది. తలుపు లోపలికి తెరుచుకుంటేనే అది ఆపుతుందని గుర్తుంచుకోండి. బయటికి తెరుచుకునేదైతే హ్యాండిల్‌కు తువ్వాలు కట్టి చేత్తో పట్టుకోవాలి. జెంట్స్‌లో ప్రతి గదిలో మూత బుట్ట పెట్టమని కాలేజీకి రాసివ్వండి. కారణం చెప్పక్కర్లేదు, డైపర్లు వాడే పెద్దవాళ్లకూ అది కావాలి.

మాది బట్టల షాపు. ఒక ట్రాన్స్ మహిళను సేల్స్‌లోకి తీసుకున్నాం. స్టాఫ్‌కు లేడీస్ ఒకటి, జెంట్స్ ఒకటి, అంతే. ఏం చేయాలి?
*– రాజమహేంద్రవరం*

ఆమె లేడీస్‌కే వెళ్తారు. మీ రెండూ ఒంటి గదులైతే ఇంకా సులువు, రెండు బోర్డులూ తీసేసి ‘టాయిలెట్’ అని రెండింటికీ పెట్టండి, రెంటిలోనూ బుట్ట ఉంచండి. ఆమె చేరకముందే స్టాఫ్‌ను కూర్చోబెట్టి మీరే చెప్పండి, ఆమె చేత చెప్పించకండి. 2020 నిబంధనల ప్రకారం సంస్థలు రాసుకోవాల్సిన సమాన అవకాశాల విధానంలో ఎవరైనా వాడుకునే టాయిలెట్ల ప్రస్తావన కూడా ఉంది. హైదరాబాద్ పోలీసులు 2024 డిసెంబర్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ విధుల్లోకి తీసుకున్నారు. అలా కూడళ్లలో నిలబడేవాళ్లకు ఆ పక్కనున్న షాపు టాయిలెట్ తెరిచి ఉంచినా పెద్ద మేలే.

నేను డబ్బులు తీసుకునే టాయిలెట్‌లో కేర్‌టేకర్‌ని. వాళ్లు వస్తే ఎటు పంపాలో తెలీక ఆపుతున్నాను. ఆడవాళ్లు కూడా నన్నే తిడతారు.
*– విజయవాడ*

మీరు ఎటూ పంపక్కర్లేదండి. వాళ్లు ఎటు నడిస్తే అటు వెళ్లనివ్వండి, అందరి దగ్గర తీసుకున్నంతే తీసుకోండి. ఎలా పిలవాలో తెలియకపోతే ‘రండి’ అంటే చాలు, అందులో ఆడా మగా లేదు. ఎవరైనా వచ్చి ‘ఆవిడ లోపల ఏం చేస్తోంది’ అంటే, ‘మీరు ఎందుకెళ్లారో ఆవిడా అందుకే వెళ్లారు, తలుపుకు గడియ ఉంది’ అని చెప్పండి. ఎవరైనా నిజంగా అల్లరి చేస్తే, అది ఎవరైనా సరే, బయటికి పంపండి. పొద్దున డ్యూటీ ఎక్కగానే ప్రతి గదిలోకీ వెళ్లి గడియ వేసి, తీసి చూడండి. వదులైంది కనిపిస్తే సుద్దముక్కతో తలుపు మీద గీత పెట్టి, మధ్యాహ్నంలోపు బాగుచేయమని సూపర్‌వైజర్‌కు ఫొటో పంపండి.